అవ్వ సడలించిన మోకాళ్లు

నల్లరాతి గుట్ట నడుమ, మండువేసవిలోనూ ఎండని ఊటచెలమ ఒకటి ఉండేది. దాని హక్కును ఏటేటా కుస్తీతో తేల్చుకోవడం ఆ అడవి కట్టుబాటు. చెలమను కోరి వచ్చిన జంతువు ఇసుకలో వెల్లకిలా పడుకొని కాళ్లతో కంచె కడుతుంది. చెలమను ఏలుతున్న జంతువు ఆ కాళ్లను దాటి, రొమ్ముకు రొమ్ము ఆనించి అదిమిపెట్టాలి. గుట్ట నీడ గోదాను కప్పేలోగా దాటలేకపోతే చెలమ చేయి మారుతుంది.

ఎలుగుల పక్షాన ఏడేళ్లు నెగ్గిన నాగులవ్వకు వయసు మీరింది. ఈ ఏడు దుమ్ములగొండి సవాలు విసరగా, తల్లి లేని మనుమడు బైరడే గోదాలోకి దిగవలసి వచ్చింది. నెల గడువుంది. అవ్వ రోజూ తానే వెల్లకిలా పడుకొని నేర్పసాగింది.

"దూకకురా! ముందు నా మోకాలిని నేలకు అదుము. బరువంతా దాని మీద నిలిపి, ఆ తర్వాతే పక్కకు జరుగు."

"జరగనిస్తేగా, అవ్వా! ఇవి కాళ్లా, మద్దిమానులా?"

పదోసారీ దాటలేక బైరడు ఇసుకలో మూతి దాచుకొని ఏడ్చాడు.

"అయ్యో, నాగులక్కా!" అంది పొదచాటు నుంచి నక్క. "తల్లి లేని బిడ్డను ఇంతగా ఏడిపిస్తావా? మోకాళ్లు కాస్త సడలించు. గెలుపు రుచి చూస్తే వాడే పుంజుకుంటాడు."

"మా వాడి మీద నీకెందుకే అంత బెంగ?"

"చూడలేక చెప్పాను, తల్లీ. ఆపై నీ ఇష్టం."

నక్క దుమ్ములగొండి ఎంగిలి తిని బతుకుతోందని అవ్వకు తెలుసు. మనుమడి వెక్కిళ్ల ముందు ఆ ఎరుక నిలవలేదు. మరునాడు మోకాళ్లు రవంత సడలించింది. బైరడు ఒక్క దూకులో దాటి, గుట్ట మారుమోగేలా కేక పెట్టాడు. ఆ కేక మళ్లీ వినాలనిపించింది అవ్వకు. రేపటి నుంచి బిగిస్తాననుకుంటూనే పందెం రోజును తెచ్చుకుంది.

"రావయ్యా, అవ్వగారి ముద్దుల మనుమడా!" అని దుమ్ములగొండి ఇసుకలో వెల్లకిలా పడుకొని పళ్లు ఇకిలించింది.

బైరడు అలవాటుగా దూకాడు. దాని వెనుక కాళ్లు వాడి నడుమును పట్టుకారులా బిగించాయి.

"మోకాలు అదుమురా, నాయనా!" అని అవ్వ గట్టు మీంచి అరిచింది.

వాడు తడుముకున్నాడు. ఇన్నాళ్లుగా అవసరపడని ఆ పని ఒంటికి పట్టలేదు. పెనుగులాడుతుండగానే నీడ గోదాను కప్పింది.

"నన్ను ఆడిపోసుకోకు, అక్కా. మోకాళ్లు నీవేగా!" అని నక్క చెలమలో మూతి పెట్టింది.

ఎలుగులు నీళ్లు లేని పడమటి కొండల దారి పట్టాయి. కుంటుతూ వస్తున్న బైరడు మెల్లగా అడిగాడు: "అవ్వా, నీ కాళ్లను నేను ఒక్కసారైనా నిజంగా దాటానా?"

నాగులవ్వ వాడి వైపు తిరగలేకపోయింది.

జాలిపడి తన బలాన్ని దాచుకున్న గురువు, శిష్యుణ్ణి శత్రువు ముందు నిరాయుధుడిగా నిలబెడతాడు.