కడవమ్మ స్టేషను మహిమ

పూర్వం, ఈ మార్గాన పొగబండ్లు నడిచిన కాలంలో, రాళ్లపాడు స్టేషనులో పెద్దమస్తాను అనే ధర్మాత్ముడు పాయింట్స్‌మన్‌గా ఉండి, ఇంజన్లకు నీళ్లు పట్టే గొట్టానికి కావలి కాసేవాడు. ఒక ఏడు అనావృష్టివల్ల బావులన్నీ అడుగంటి, జనం కడవలతో స్టేషను కంచె పట్టుకుని నిలబడగా, ఆయన పైవాళ్ల ఉత్తర్వులను తోసిరాజని నీళ్లు వదిలాడు. తమ కడవలే ముందు నిండాలని పెద్దకులాలవారు పట్టుబడితే, ముందొచ్చినవారే ముందని తేల్చిచెప్పాడు. ఆ విధంగా, పరులు పోసే నీళ్లకు జన్మంతా దోసిలొగ్గిన మాదిగవాడ ఓబులమ్మ తొలిసారి తన కడవ తానే నింపుకున్నది. ఇంట్లో ఆమె కోడలు పచ్చి బాలింత.

చిక్కేమంటే, ప్యాసింజరు బండి వచ్చేసరికి స్టేషను ట్యాంకు ఖాళీ. నీళ్లు లేనిదే ఇంజను కదలదు. డ్రైవరు దేవసహాయం అగ్గిమీద గుగ్గిలమై, పైవాళ్లకు చెప్పి మస్తాను ఉద్యోగం ఊడగొట్టిస్తానన్నాడు. మస్తాను తల వంచలేదు.

"దప్పికన్నవాళ్లకు ఇవి ఇంజను నీళ్లని ఎట్లా చెప్పేది సారూ?" అన్నాడు.

ఈ సంగతి వాడకు చేరగానే ఓబులమ్మ, బాలింత కోసం దాచిన కడవను నెత్తికెత్తుకుని వచ్చి డ్రైవరు ముందు నిలిచింది.

"మాకు పోసిన పాపానికి ఆయన నోటికాడి కూడు తీయొద్దయ్యా. ఇవిగో, పోసుకో."

ఆహా, ఏమి గుండె అది! కంచె దగ్గర పెత్తనం చేసినవారికి తల కొట్టేసినట్లయింది. వారూ ఇళ్లకు పరుగెత్తి కడవలు తెచ్చారు. ప్రయాణికులు మరచెంబులు, కూజాలు అందించారు. ఎవరి కడవ ఎవరు ముట్టారని చూసే తీరిక లేక, నీళ్లు చేతులు మారుతూ ఇంజనెక్కాయి.

పై స్టేషను దాకా ఆ నీళ్లెట్లా చాలాయని తెలిసినవాళ్లు నేటికీ వాదిస్తారు. వాదించనివ్వండి, బండి చేరింది. మస్తాను ఉద్యోగమూ నిలిచింది. మర్నాడు దేవసహాయం, అధికారుల కాళ్లావేళ్లా పడి, నీళ్ల వ్యాగను తగిలించుకుని వచ్చాడు. ఊరంతా ఎగబడినా, ఓబులమ్మ వచ్చి కడవ దించేదాకా చుక్క వదలలేదు.

పట్టాలు పీకేసి చాలాకాలమైంది, టిక్కెట్ల గదిలో మేకలు పడుకుంటాయి. అయినా నీళ్ల గొట్టం నిలిచిన దిమ్మె నేటికీ పసుపుకుంకాలతో కడవమ్మగా పూజలందుకుంటున్నది. ఏటేటా ఎండలు ముదిరాక ఊరంతా అక్కడ బారుతీరి, కడవలు చేతికిచేయి అందించుకుంటూ అభిషేకం చేస్తారు. మాదిగవాడ కడవ వచ్చేదాకా ఊరిపెద్ద కడవైనా సరే, నేలమీదే ఉంటుంది.