తుడవని కుంకుమ

దర్శకుడు వేదాద్రిగారికి ఒక అలవాటు ఉంది. శిష్యులు ఏ ప్రశ్న అడిగినా జవాబు చెప్పేవారు కారు. ఏదో ఒక పని పురమాయించేవారు. విశాఖ సముద్రం ఒడ్డున గుడి సెట్టు వేసి సినిమా తీస్తున్న రోజుల్లో సహాయకుడు నిరంజన్ అడిగిన ప్రశ్నకూ అదే జరిగింది.

"సార్, మన కథలో పూజారి, బిడ్డ మందుల కోసం అమ్మవారి ముక్కుపుడక దొంగిలిస్తాడు. మర్నాడు అదే చేత్తో హారతి ఇస్తాడు. ఇంతకీ అతను భక్తుడా, దొంగా? మనమే తేల్చకపోతే చూసేవాళ్ళు ఏమనుకోవాలి?"

నిరంజన్ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. దేవుడు లేడని పద్దెనిమిదో ఏటే తేల్చేసుకున్నాడు. మనుషుల్ని కూడా అలాగే తేల్చేయాలని అతని ఉబలాటం.

"పదిన్నరకి షాటు. వెళ్ళి విగ్రహం సరిచూడు," అన్నారు వేదాద్రిగారు.

పూజారి అమ్మవారి పాదాల మీద పడి ఏడుస్తుండగా ఆ విగ్రహం పక్కకు ఒరిగి ముక్కలవ్వాలి. అదీ ఆనాటి సన్నివేశం. నిన్నటి షాటుకీ ఇవాళ్టి షాటుకీ తేడా రాకుండా చూడటం నిరంజన్ పని. నిన్నటి ఫోటో పట్టుకుని సెట్టులోకి వెళ్ళేసరికి అతనికి ఒళ్ళు మండింది. నిన్న ఖాళీగా ఉన్న నుదుట ఇవాళ కుంకుమబొట్టు! ఎదురుగా సెట్టు పనులు చేసే నూకాలు చేతులు జోడించి నిలబడి ఉంది.

"ఇది ప్లాస్టర్ బొమ్మ! ఆ మాత్రం తెలీదా నీకు?" అని కసిరాడు.

"తెలుసు బాబూ. ప్లాస్టరు కలిపింది నానే, అచ్చులో పోసింది నానే. ఇప్పుడు తాడు లాగి పడేసేదీ నానే."

"మరి ఎందుకు మొక్కుతున్నావు?" అన్నాడు.

"మా కుర్రోడికి గుండె ఆపరేసను బాబూ. పదిన్నరకి లోనికి తీసుకెల్తారంట. ఆసుపత్రికెల్దామంటే కుదరనేదు. ఎటు లాగితే పూజారి ఏసమేసిన బాబు మీద పడదో నాకే తెలుసు మరి. దగ్గరున్న అమ్మోరు ఈవిడే గదా. ఆడు బయటికొచ్చీదాకా ఈ తల్లి నిలబడితే సాలు."

"రెడీయా?" కెమెరా వెనకనుంచి వేదాద్రిగారి గొంతు వినిపించింది.

"కుంకుమ తుడిస్తే రంగు లేచిపోయింది సార్. మళ్ళీ వేసి ఆరబెట్టాలి. రెండు గంటలు పడుతుంది."

ఆ మాటలు అన్నది తానేనని నిరంజన్‌కు ఒక్క క్షణం తెలియలేదు. గురువుగారి దగ్గర అతను ఏనాడూ అబద్ధమాడలేదు. ఆడినదైనా ఎంత తెలివితక్కువ అబద్ధం! అమ్మవారి నుదుట కుంకుమ చెక్కుచెదరకుండా అందరికీ కనిపిస్తూనే ఉంది. వేదాద్రిగారు దగ్గరికొచ్చి ఆ బొట్టును చూశారు, నూకాలును చూశారు. కెమెరామన్ విసుక్కుంటున్నా, "భోజనాలయ్యాక తీద్దాం," అని వెళ్ళిపోయారు.

ఒంటిగంట దాటాక ఫోను వచ్చింది. కొడుకు గండం గడిచి బయటపడ్డాడు. నూకాలు బావురుమంది. ఆ తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని తిన్నగా సెట్టులోకి వచ్చి, అదే కొంగుతో అమ్మవారి బొట్టు శుభ్రంగా తుడిచేసి, తాడు పట్టుకుంది. యాక్షన్ అనగానే రెప్ప వాల్చకుండా లాగింది. నటుడికి మూరెడు దూరంలో అమ్మవారు భళ్ళున ముక్కలైంది.

నిరంజన్ నూకాలు వైపు తిరిగాడు. కొడుకును దక్కించిన అమ్మవారిని అంత మామూలుగా ఎలా పడదోయగలిగింది? ఆవిడ అప్పటికే చీపురుతో సెట్టు ఊడుస్తోంది. ఒక ముక్క తీసి కళ్ళకద్దుకుని, మిగిలినవాటితోపాటే తట్టలో వేసింది.

"సార్," అన్నాడు నిరంజన్, "ఈవిడ భక్తురాలా, కాదా?"

వేదాద్రిగారు స్క్రిప్టు తీసి అతని చేతిలో పెట్టారు.

"ఆవిడ సంగతి ఆవిడకి తెలుసు. పొద్దున బొట్టు తుడవకుండానే నన్ను రెండు గంటల గడువు అడిగినవాడు ఎవరో, ముందు అది తేల్చు."