తోక లేని ఊఁ

ఒక ఊళ్ళో ఒక ముసలమ్మ ఉండేది. ఎదురైనవాళ్ళందరికీ సలహాలు చెప్పేది.

అడిగినవాళ్ళకి ఒకటి, అడగనివాళ్ళకి ఏడు. ఆమె వీధిలోకి వస్తే ఎందుకొచ్చిన గొడవని కాకులు గూళ్ళు మార్చుకునేవి. ఒక ఏడు ఊరి మీదికొచ్చిన వరద ఆమె గుమ్మం దగ్గర ఆగి, ఎటు పారాలో చెప్పించుకుని మరీ వెళ్ళిందంటారు. అనేది ఆమే అనుకోండి. ఆమెని నేను బాగా ఎరుగుదును. నా చెప్పులే వేసుకు తిరుగుతుంది, నా కళ్ళజోడే పెట్టుకుంటుంది.

వీధి చివరింట్లో ఒకావిడ ఉండేది. ఒక సాయంత్రం ఆవిడ వచ్చి ముసలమ్మ పక్కన అరుగు మీద కూర్చుంది. "వదినా, ఒక మాట," అంది. ఆ మాటేమిటో వినకుండానే ముసలమ్మ దానికి మూడువందల ముప్పై సలహాలు చెప్పింది. ఆవిడ అన్నిటికీ ఊఁ కొట్టింది. "వస్తాను వదినా," అని లేచింది. తెల్లారేసరికి ఆ ఇంటికి తాళం. ఎటు వెళ్ళిందో ఎవరికీ తెలియదు.

ఆ ఒక్క మాట ఏమిటో తెలియక ముసలమ్మకి అన్నం సయించలేదు. ఇంకోసారి ఎవరైనా "ఒక మాట" అంటూ వస్తే ఆ మాట పోగొట్టుకోకూడదు. ఎలా వినాలో ఎక్కడైనా నేర్పుతారా అని వాకబు చేసి, డెబ్బై ఒకటో ఏట కాలేజీలో చేరింది. ఊళ్ళోవాళ్ళకి మాత్రం కాలేజీవాళ్ళే పల్లకీ పంపించి బతిమాలుకున్నారని చెప్పింది.

అది మనసు చెదిరినవాళ్ళకీ, ఇల్లు చెదిరినవాళ్ళకీ తోడు నిలబడే చదువు. దాని అసలు పేరు గేటు మీద ఆ చివర నుంచి ఈ చివరికి చదివేసరికి ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయేది. అందుకని జనం ఊఁ కాలేజీ అనేవారు. అక్కడ మూడేళ్ళూ నేర్పేది ముఖ్యంగా ఊఁ కొట్టడమే.

ముసలమ్మ పడీ పడీ నవ్వింది. "కథ వింటూ చంటిపిల్లలు కొట్టే ఊఁకి డిగ్రీయా? నెల్లాళ్ళలో పట్టుకొచ్చేస్తాను."

మొదటి రోజు ఆమె నోరు ఆమె కంటే అరగంట ముందే క్లాసుకి చేరింది.

పాఠం చెప్పే పంతులమ్మ ఆమెకి మనవరాలి వయసుది. "ఊఁలు ఏడు రకాలు మామ్మగారూ," అంది. "ఒప్పుకునే ఊఁ, అలిగే ఊఁ, అనుమానపు ఊఁ, నిద్రలో ఊఁ, పని తప్పించుకునే ఊఁ, పెద్దవాళ్ళకి జడిసి కొట్టే ఊఁ. ఈ ఆరూ మీకు వచ్చినవే. ఏడోది ఒట్టి ఊఁ. 'చెప్పు, నేనిక్కడే ఉన్నాను' అనే ఊఁ. దాని వెనక ఇంకేమీ ఉండకూడదు."

"ఏమీ లేకపోతే మరీ తేలిక," అంది ముసలమ్మ.

ఆమెకి పక్క బెంచీ పిల్లని జత చేశారు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, "మా పిల్లి చచ్చిపోయింది మామ్మగారూ," అంది.

"ఊఁ. అయితే దానికి ఏం పెట్టారు?"

పంతులమ్మ బల్ల మీద తట్టింది. "మీ ఊఁకి తోకుంది మామ్మగారూ. కత్తిరించండి."

"పెరుగన్నం పెట్టాం," అంది పిల్ల.

"ఊఁ. అదే మరి. మా ఇంట్లో పిల్లి నలభై ఏళ్ళు బతికింది..."

"తోక," అంది పంతులమ్మ.

"పిల్లికా, ఊఁకా?" అని అడిగింది ముసలమ్మ.

మొదటి ఏడంతా ఆ తోకతోనే సరిపోయింది. రికార్డు పుస్తకంలో ఎదుటి మనిషి కష్టమేమిటో రాయమంటే, ముసలమ్మ యాభై మంది గురించి రాసింది. నలభై తొమ్మిది మందికి "అత్తగారు" అని రాసింది. యాభయ్యో మనిషి స్వయంగా అత్తగారే కాబట్టి ఆవిడకి "కోడలు" అని రాసింది. వైద్యం అందరికీ ఒకటే, అల్లం పెసరట్టు.

"ఇందులో వాళ్ళు చెప్పిందేదండీ?" అంది పంతులమ్మ.

"చెప్పడానికి వాళ్ళకి ఖాళీ ఎక్కడిదమ్మా, నేను మాట్లాడుతుంటే."

ఆ మాట నోరు జారాక ముసలమ్మ పుస్తకం వెనక్కి లాక్కుని యాభై పెసరట్ల మీదా అడ్డంగా గీతలు గీసింది.

రెండో ఏడు బజారులోకి పంపారు. గడియారాలు బాగుచేసే ఒకతను ఆమె ఎదుట కూర్చుని, అన్నయ్యతో వేగలేకపోతున్నానని మొదలుపెట్టాడు. పంతులమ్మ దూరంగా నిలబడి చూస్తోంది. ముసలమ్మ ఆ రోజు పళ్ళ బిగువున తోకలు కత్తిరించింది. ఊఁ. ఊఁ. ప్రతి ఊఁకీ ఓసారి పంతులమ్మకేసి గర్వంగా చూసింది.

"ఊరొదిలి పోనా మామ్మగారూ?" అన్నాడతను.

"ఊఁ," అంది ముసలమ్మ.

పెద్దావిడ సరేనన్నాక ఆలస్యమెందుకని అతను ట్రంకుపెట్టె సర్దుకున్నాడు. ముసలమ్మ చెప్పుల్లేకుండా బస్టాండు దాకా పరిగెత్తింది. ఆ పరుగుకి ఊళ్ళో రెండు బావులు ఎండిపోయాయి. "అది ఒప్పుకునే ఊఁ కాదు నాయనా," అంది రొప్పుతూ. "ఏడో రకం."

"నాకు రెండూ ఒకలాగే వినిపించాయి," అని అతను పెట్టె దింపుకున్నాడు.

పంతులమ్మ మార్కులు వెయ్యలేదు. "తోక కత్తిరించారు, బాగానే ఉంది. కానీ అతను అడుగుతున్నప్పుడు మీరు నాకేసి చూస్తున్నారు మామ్మగారూ," అంది.

మూడో ఏడు చివర పరీక్ష. కాలేజీ వెనక వసారాలో మాట లేని మనిషి ఒకామె ఉండేది. కాలేజీ కట్టకముందే ఆమె అక్కడ కూర్చుందనీ, ఆమె చుట్టూనే గోడలు లేపారనీ చెప్పుకునేవారు. ఏం జరిగి మాట మానేసిందో ఎవరికీ తెలియదు. వంటింటికి కూరలు బాగుచేసి ఇచ్చేది. గంటసేపట్లో ఆమె చేత ఒక్క మాట పలికించినవాళ్ళకే డిగ్రీ. అప్పటిదాకా ఎవరూ పలికించలేదు. హాల్లో గోడ నిండా పటాలున్నాయి, అన్నీ ఖాళీ చట్రాలే.

"పలికించలేకపోతే?" అంది ముసలమ్మ.

"మళ్ళీ మొదటి ఏడు నుంచి."

"నాకు డెబ్బై నాలుగమ్మా."

"అందుకే చూసి ఊఁ కొట్టండి," అంది పంతులమ్మ.

పరీక్ష చూడ్డానికి వచ్చిన పెద్దమనిషి గడియారం ముందు పెట్టుకుని, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. మాట లేని మనిషి చేటలో చిక్కుడుకాయలు పోసుకుని ఈనెలు తీస్తోంది. ముసలమ్మ ఎదురుగా కూర్చుని, "ఊఁ," అంది.

ఆమె కాయ తుంచింది. ముసలమ్మ మళ్ళీ, "ఊఁ," అంది.

ఎవరూ ఏమీ చెప్పకుండానే ఊఁ కొట్టే మనిషిని ఆ వసారాలో పిచ్చుకలు ఎన్నడూ చూడలేదు. పావుగంటకి ముసలమ్మ బుగ్గలు బూరెల్లా పొంగాయి. లోపల మాటలు ఎసట్లో బియ్యంలా కుతకుతలాడాయి. ఆ ఆవిరికి పెద్దమనిషి కళ్ళజోడు మసకబారింది.

చేతులు ఊరుకోక ఆమె కూడా ఒక చిక్కుడుకాయ తీసుకుని ఈనె తీసింది. తర్వాత ఇంకొకటి. ఒకే చేటలో రెండు జతల చేతులు కాయలు బాగుచేస్తున్నాయి. ముసలమ్మ పెద్దమనిషికేసి చూడటం మర్చిపోయింది. పది నిమిషాలు మిగిలాయి.

"మా వీధి చివర ఒకావిడ ఉండేది," అంది ముసలమ్మ.

పెద్దమనిషి ఎర్రగా ఒక గీత గీశాడు.

"ఓ సాయంత్రం వచ్చి, వదినా ఒక మాట, అంది. నేను ఆ మాట అననివ్వలేదు. మూడువందల ముప్పై సలహాలు చెప్పాను." ముసలమ్మ చేతిలో కాయ ఆగిపోయింది. "కాదు. అన్ని లేవు. నాలుగు. నాలుగే చెప్పాను. ఆ నాలుగూ అయ్యేసరికి దీపాలవేళయింది. పొయ్యి మీద పప్పుందని లేచి వెళ్ళిపోయింది."

ఇంకో ఎర్ర గీత పడింది.

"ఏం చెబుదామని వచ్చిందో నాకు తెలీదు. తెలుసుకుందామన్నా ఇప్పుడు దారి లేదు."

మాట లేని మనిషి తలెత్తింది. ముసలమ్మ ముఖంలోకి చూసింది.

"ఊఁ," అంది.

దానికి తోక లేదు.

కాలేజీలో మూడు రోజులు పెద్ద తగువు. ఊఁ అనేది మాటేనా, కాదా? ఎడ్లబండి మీద నిఘంటువులు తెప్పించారు. సగం మంది మాటేనన్నారు, సగం మంది ఒట్టి చప్పుడన్నారు. చివరికి డిగ్రీ ఇచ్చి తీరాలని తేలింది. పట్టా మీద పేరు రాసేముందు పంతులమ్మ పెద్దమనిషిని అడిగింది.

"ఊఁ కొట్టిందెవరండీ?"

"ఆ చిక్కుడుకాయలావిడ."

"మాట్లాడిందెవరు?"

"మామ్మగారు."

పట్టా మాట లేని మనిషి పేరు మీద రాశారు. మొదటి ఏడే కుట్టించుకుని దాచుకున్న నల్లగౌను ముసలమ్మ తీసుకొచ్చి ఆమెకి తొడిగింది. కాస్త పొడుగైతే కింద మడతేసి తనే కుట్టింది. ఊళ్ళోవాళ్ళు అడిగితే మాత్రం, తన డిగ్రీ మరీ పెద్దదనీ, ఇంటి తలుపులో పట్టక కాలేజీలోనే వదిలేసి వచ్చాననీ చెప్పింది.

మళ్ళీ మొదటి ఏడు మొదలయ్యే ముందురోజు సాయంత్రం. ముసలమ్మ చేట ముందేసుకుని అరుగు మీద ఉంది. మాట లేని మనిషి వీధిలో నడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. ఒక కాయ తీసుకుంది. ఈనె తీసింది.

"వదినా," అంది. గొంతు తుప్పు పట్టిన గడియలా కిర్రుమంది. "ఒక మాట."

ముసలమ్మ గొంతులో నాలుగు సలహాలు ఒక్కసారే లేచి నిలబడ్డాయి. ఆమె చేతికందిన చిక్కుడుకాయ పచ్చిదే నోట్లో కుక్కుకుంది. పక్కకి తిరిగి ఆమె ముఖంలోకి చూసింది.

"ఊఁ," అంది.

మాట లేని మనిషి చెప్పడం మొదలుపెట్టింది. చేట ఖాళీ అయ్యేదాకా చెప్పింది.

ఏం చెప్పిందో నాకు అక్షరం పొల్లుపోకుండా తెలుసు. చెప్పను.