జేబులో పెట్టుకున్న ఇంజెక్షన్

నాతోపాటు వార్డు చూసే జూనియర్ డాక్టరు శశాంక్‌కి నాలుగు రోజులుగా కంటిమీద కునుకు లేదు. ఏడో బెడ్డు నాగమల్లికి రక్తం ఎక్కిస్తున్నా నిలవడం లేదు. ఎనిమిదున్న హిమోగ్లోబిన్ ఐదుకు దిగింది. ఇంకా దిగితే ఆమె దక్కదు.

ఆమెకు మూడేళ్లుగా లూపస్. మనిషిని కాపాడాల్సిన రక్షణశక్తే ఒంటిమీద తిరగబడే జబ్బు. ఈసారి నిమ్ము చేసి ఆసుపత్రిలో చేరింది.

మా పెద్ద డాక్టరు మస్తానయ్యగారు పది గంటలకు రౌండ్స్‌కి వచ్చారు. ఆయన లెక్చరు ఇవ్వగా మేమెవరం వినలేదు. అయినా ఆయన దగ్గర నేర్చుకోని డాక్టరు మా జిల్లాలో లేడు.

“లూపస్ ముదిరింది సార్. సొంత రక్తకణాల్నే చంపేస్తోంది. స్టెరాయిడ్ పెంచుదాం,” అన్నాడు శశాంక్. యూనివర్సిటీ ఫస్టు కదా, గొంతులో ఆ ధీమా ఉంది.

ఆయన కేస్ షీటు మొదటినుంచీ చదివారు. ఇంతలో సిస్టర్ నిమ్ముకిచ్చే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ తెచ్చింది. ఆయన సిరంజి అందుకుని, మూత బిగించి, తన కోటు జేబులో వేసుకున్నారు. షీటులో ఆ మందు కొట్టేసి వేరే రకం రాశారు. రక్తపరీక్ష ఒకటి పంపించమన్నారు.

“పదకొండు దాకా ఇక్కడే కూర్చో నాయనా,” అని స్టూలు జరిపారు.

అందరి ముందూ శశాంక్‌కి తల కొట్టేసినట్టయింది. అయినా కూర్చున్నాడు.

పదిన్నరకి నాగమల్లి కళ్లు గట్టిగా మూసుకుని మంచం పట్టె పట్టుకుంది.

“ఏమైందమ్మా?”

“వచ్చే వేళయింది సార్, నడుం నొప్పి. రోజూ సూదేసిన అరగంటకి వచ్చేస్తది. ఆనక ఒంటేలు డికాషన్‌లాగా పోతది. మొదట్రోజే మీతో చెప్పాను గదా.”

చెప్పింది. నొప్పి బిళ్ల ఇచ్చింది శశాంకే.

ఇద్దరూ నొప్పి కోసం ఎదురు చూశారు. పదకొండయింది. అది రాలేదు. నాగమల్లి మెల్లగా పట్టె వదిలింది.

ఆ మందు పడినప్పుడే ఆమె రక్తకణాలు పగిలిపోతున్నాయని పరీక్షలోనూ తేలింది. అయిదో రోజుకి హిమోగ్లోబిన్ ఎనిమిది దాటింది. వార్డంతా ఊపిరి పీల్చుకుంది. నాకైతే ఆయన కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది.

“మీకెలా తెలిసింది సార్?” అని అడిగాడు శశాంక్, తల ఎత్తకుండా.

మస్తానయ్యగారు కేస్ షీటు తిరగేసి, ఒక వరుస మీద వేలు పెట్టారు. మొదటి రోజు, నడుం నొప్పి, పదిన్నర. కింద శశాంక్ సంతకం.

“నువ్వు రాసిందే చదివాను నాయనా.”