తోమితే అరిగిపోతాయన్న కోడి

ఒకప్పుడు కోడికి పళ్ళుండేవి. ఒకటీ రెండూ కాదు, నోటినిండా ముప్ఫై రెండు. నేను లెక్కపెట్టలేదు, ఆవిడే అందరికీ చెప్పుకునేది. కాకికీ పిచ్చుకకీ కూడా ఉండేవేమో! అడిగితే అవి మాట మార్చేస్తాయి.

ఆ పెట్ట పేరు ముత్యాలు. పేరుకు తగ్గట్టే తెల్లటి పళ్ళు. వాటిని చూపించుకోడానికి రోజంతా నవ్వేది. గేదె కాలు జారి బురదలో పడితే నవ్వేది. పక్కనుండే బాతు వాళ్ళ అత్త పోయిందని పలకరించడానికి వెళ్ళినప్పుడు కూడా పళ్ళు కనబడేటట్టే ఏడ్చింది.

ఆ కాలంలో జీవాలన్నీ తెల్లవారగానే వేపచెట్టు కిందికి చేరేవి. తలా ఒక పుల్ల విరుచుకుని, కొస నమిలి కుంచెలా చేసుకుని పళ్ళు తోముకునేవి. తర్వాత అదే పుల్లని నిలువునా చీల్చి నాలుక గీసుకునేవి. పాచినోటితో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదని కట్టుబాటు. కుక్క నాలుగు రుద్దులు రుద్ది పరుగెత్తేది. గేదె మాత్రం ఎండెక్కేదాకా తోముతూనే ఉండేది, దానికి వేరే పనేముంది?

ముత్యాలు కూడా పుల్ల తీసుకునేది. నోట్లో పెట్టుకుని ఊరంతా తిరిగేది. తోమేది మాత్రం కాదు. ఒక్క పుల్ల దానికి వారం రోజులు వచ్చేది.

"ఏమే, పుల్ల కొస ఇంకా కొత్తగానే ఉంది. తోమావా, లేదా?" అని అడిగాడు మొగుడు పుంజు.

"నీకేం తెలుసయ్యా! ఊడ్చి ఊడ్చి చీపురు అరిగిపోవట్లేదూ? రుబ్బి రుబ్బి పొత్రం అరిగిపోవట్లేదూ? రోజూ రుద్దితే పళ్ళు మాత్రం అరగవా? మీవంటే మామూలు పళ్ళు, ఏమైపోయినా ఫరవాలేదు. నావి జాగ్రత్త చేసుకోవద్దూ?"

పుంజు తన పుల్ల తీసుకుని తోముకోడానికి పోయాడు. అంత తెలివైన మాటకి జవాబు ఎవరికి తోస్తుంది?

దానికి తోడు ముత్యాలుకి బెల్లమంటే ప్రాణం. గానుగ దగ్గర రాలిన ముక్కలు ఏరుకొచ్చి, ఒకటి బుగ్గన పెట్టుకునిగానీ నిద్రపోయేది కాదు. కొన్నాళ్ళకి నోరు కంపు కొట్టింది. పుంజు మొహం అటు తిప్పుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు. "మా ఆయనకి నేనంటే మొహం మొత్తింది" అని ముత్యాలు బాతు దగ్గరికెళ్ళి ఏడ్చింది. బాతు కూడా అటు తిరిగే విన్నది.

ఆ ఏడు ముత్యాలు పదకొండు గుడ్లు పొదిగి పిల్లల్ని చేసింది. ఆ రోజుల్లో తల్లికోడే జొన్నలు నమిలి పిల్లల నోట్లో పెట్టాలి. పిల్లలకి పళ్ళు రావడానికి చాలా రోజులు పట్టేది. అందాకా తల్లి నమిలితేనే వాటికి తిండి, తండ్రి నమిలి పెడితే ఉమ్మేసేవి.

"నాకోసం వద్దు, నీకోసం వద్దు. పిల్లలకోసమైనా తోముకోవే" అని బతిమాలాడు పుంజు.

సరేనని ముత్యాలు ఒకరోజు పుల్ల నమిలి తోమింది. నాలుగు రుద్దులకే చిగుళ్ళనుంచి నెత్తురొచ్చింది.

"అమ్మో, చూశారా! తోమితే ఇంతే!" అని అరిచింది.

వేపచెట్టు కొమ్మ వంచి చూసింది. "ముత్యాలూ, అది పుల్ల వల్ల కాదే. పాచి పేరుకుని చిగుళ్ళు వాచాయి. ఇప్పుడు అస్సలు మానకు. రోజూ మెల్లగా తోము, ఉప్పునీళ్ళు పుక్కిలించు. పది పదిహేను రోజుల్లో తగ్గుముఖం పడుతుంది."

"నెత్తురు కారుతుంటే ఇంకా తోమమంటావా అత్తా? పుండు మీద కారం చల్లినట్టుంది నీ వైద్యం!" అని పుల్ల విసిరికొట్టింది ముత్యాలు. "ఈరోజునుంచి నా పళ్ళకి విశ్రాంతి."

పళ్ళు నిజంగానే విశ్రాంతి తీసుకున్నాయి. అలవాటయ్యాక, నిలబడి ఉండటం మాత్రం ఎందుకని ఒక్కొక్కటే పడుకోవడం మొదలుపెట్టాయి.

మొదటిది చెరుకుముక్కలో ఉండిపోయింది. "పాలపన్నులే, మళ్ళీ వస్తుంది" అంది పదకొండు పిల్లల తల్లి. రెండోది ఊడితే దిష్టి తగిలిందంది. పదోది ఊడాక నవ్వడమే మానేసింది.

చివరికి ముందు పన్ను ఒక్కటే మిగిలింది. అదీ ఊగుతోంది. పిల్లలకి రెండు రోజులుగా తిండి లేదు. "అమ్మా, ఆకలే!" అని చుట్టూ చేరి అరుస్తున్నాయి. అందరికంటే చిన్నది అరవడం కూడా మానేసి రెక్కలు వేలాడేసింది. దాన్ని చూసి, ఇన్నాళ్ళకి మొదటిసారి ముత్యాలుకి భయం వేసింది.

మిగిలిన ఒక్క పన్నుతో జొన్నగింజ కొరికింది. టక్! పన్ను ఊడి గింజల్లో పడింది. చిన్నపిల్ల గబుక్కున మెడ చాచి, జొన్నలతోపాటు పన్నుని కూడా మింగేసింది.

"అయ్యో, పన్ను మింగిందయ్యా! నా బిడ్డ చచ్చిపోతుంది!" అని ముత్యాలు నేలమీద పడి ఏడ్చింది. ఈసారి నిజంగా ఏడ్చింది.

పుంజు పిల్లని వేపచెట్టు దగ్గరికి తీసుకుపోయాడు, వెనకే ముత్యాలూ వెళ్ళింది. కాసేపటికి పిల్ల లేచి నిలబడింది. ఇంకాసేపటికి పరుగెత్తింది. దాని కడుపులో ఏదో కరకరమంటోంది.

వేపచెట్టు చెవి పెట్టి వింది. "నీ నోట్లో నిలవని పన్ను దీని కడుపులో జొన్నలు విసురుతోందే! పళ్ళు పోతే పోయాయి, ఊళ్ళో గులకరాళ్ళకి కరువా? పిల్లలతో చిన్నచిన్నవి మింగించు. నువ్వూ మింగు."

పిల్లలు రాళ్ళు మింగాయి, జొన్నలు మింగాయి, పదకొండూ బతికాయి. రాళ్ళు అలవాటైపోయి వాటికి పళ్ళు మొలవనే లేదు. పుంజు పళ్ళు పుంజుతోనే పోయాయి.

కడుపు నిండాక ముత్యాలు మెల్లగా వేపచెట్టు దగ్గరికి వచ్చి నిలబడింది.

"అత్తా, ఒక్క పుల్ల ఇస్తావా?"

"ఎందుకే, ఏం తోముతావు?"

ముత్యాలు సిగ్గుతో తల దించుకుని, ముక్కుని నేలకేసి ఇటోసారి, అటోసారి రుద్దింది.

అప్పటినుంచే కోడి గింజలతోపాటు రాళ్ళు మింగుతోంది. అప్పటినుంచే, తిన్న ప్రతిసారీ ముక్కుని నేలకేసి రెండువైపులా శుభ్రంగా తోముకుంటోంది. నోట్లో ఒక్క పన్ను లేదు. అయినా ఎవరూ గుర్తుచెయ్యనక్కర్లేదు, ఒక్కరోజు కూడా మానదు.