వాగు ఒడ్డున మల్లిగాడి కాపలా

కొండ దిగువన, వాగుకు కూతవేటు దూరంలో ఒక రైతు పాక ఉండేది. పాకలో తుమ్మెద అనే గేదె, దాని దూడ, ఓ పుంజు, పిల్లలతో తిరిగే పెట్టలు, వీటన్నిటికీ కాపలాగా మల్లిగాడనే కుక్క ఉండేవి. మల్లిగాడిది మామూలు కాపలా కాదు. ఆకు రాలితే మొరిగేవాడు. రాలకపోతే ఎందుకు రాలలేదని మొరిగేవాడు. తెల్లారేసరికి గొంతు బొంగురుపోయి, కళ్లు చింతనిప్పుల్లా అయ్యేవి.

ఇంత మొరిగినా కోడిపిల్లలు మాయమవుతూనే ఉండేవి. తూర్పు కంచె దగ్గర ఏదో చప్పుడయ్యేది. మల్లిగాడు అటు పరిగెత్తి ఒళ్లు తెలియకుండా మొరిగేవాడు. ఈలోగా పడమటి వైపు ఒక పిల్ల పోయేది. రైతు చూసి చూసి విసిగిపోయాడు.

"ఇంకొక్క పిల్ల పోయిందంటే వీణ్ణి ఏరు దాటించి వదిలేసి వస్తాను," అన్నాడు పెళ్లాంతో. ఆ మాట మల్లిగాడి చెవిన పడింది.

అప్పటి నుంచి వాడికి కూడు సహించలేదు, కంటి మీద కునుకు లేదు. ఒక పొద్దున దూడ గంతులేస్తూ వచ్చి వాడి తోక తొక్కింది. మల్లిగాడు గిర్రున తిరిగి దాని చెవి పట్టేశాడు. పళ్లు దిగలేదు గానీ దూడ బావురుమంది. ఆ ఏడుపు వినగానే మల్లిగాడికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. తుమ్మెద కొమ్ములతో ఎత్తి కుదేస్తుందని తోక ముడుచుకుని నిలబడ్డాడు.

తుమ్మెద ముందు దూడ చెవి నాకింది. తర్వాత తీరిగ్గా వీడి వైపు తిరిగింది.

"నువ్వు కడుపునిండా తిని, కంటినిండా పడుకుని ఎన్నాళ్లయిందిరా మల్లీ?"

తిట్టి ఉంటే వాడు ఓర్చుకునేవాడే. అలా అడిగేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమోనక్కా, గుండె ఎప్పుడూ దడదడలాడుతూనే ఉంటోంది. కళ్లు మూస్తే ఏరవతలి గట్టే కనిపిస్తోంది."

"సాయంత్రం నాతో వాగుకి రా."

"మరి కాపలా?"

"నువ్వు కాస్తుంటే పిల్లలు ఆగుతున్నాయా ఏంటి? కాసేపు పుంజు చూసుకుంటాడులే, రా."

తుమ్మెద వాగులో దిగడం చూసి తీరాల్సిందే. ఒక కాలు పెడుతుంది, ఆగుతుంది, నీటి చల్లదనం ఒంట్లోకి పాకనిస్తుంది. మెడదాకా మునిగాక ఇక ఆమెకు ఊరూ లేదు, పాకా లేదు. కొంగ వీపు మీద వాలితే వాలనిస్తుంది, ఎగిరిపోతే పోనిస్తుంది. ఇదేం పెద్ద విద్య అని మనకు అనిపించవచ్చు. కూర్చుని చూస్తే గానీ తెలియదు.

మల్లిగాడు కూర్చుని చూశాడు. చేప ఎగిరితే మొరిగాడు. తన నీడను చూసి మొరిగాడు. లేచి ఒడ్డు చుట్టూ తిరిగాడు.

"అయిపోయిందా అక్కా?"

"ఏమిట్రా అయిపోయేది?"

"అదే, ఈ కూర్చోవడం."

"వాగు దగ్గర కూర్చోవడం దుక్కి దున్నడమట్రా, అయిపోవడానికి? నీకేం వినపడుతోందో చెప్పు."

"ఏమీ వినపడట్లేదు!"

"మొరగడం ఆపి చెప్పు."

ఆపాడు. మొదట తన గుండె చప్పుడే వినిపించింది. తర్వాత రాళ్ల మధ్య నీళ్లు గునుస్తూ పోవడం, తుంగలో కప్పల బెకబెకలు, గాలికి రెల్లు ఒరుసుకోవడం వినిపించాయి. ఇన్నేళ్లూ ఈ వాగు ఇక్కడే ఉందా అని వాడికి ఆశ్చర్యమేసింది. ఆ రాత్రి చాలాకాలానికి ఒళ్లెరగకుండా నిద్రపోయాడు.

ఇక రోజూ వెళ్లసాగాడు. ముఖంలో కళ వచ్చింది. దూడ తోక తొక్కితే పక్కకు జరిగి మళ్లీ పడుకునేవాడు. అయినదానికీ కానిదానికీ మొరగడం తగ్గిపోయింది. ఆ నిమ్మళం చూసి పుంజు కూడా, "మల్లిగాడేనా వీడు!" అని మురిసిపోయింది.

ఒక సాయంత్రం అవతలి ఒడ్డున నక్క ప్రత్యక్షమైంది.

"భలే కూర్చున్నావు మల్లి బావా! మునీశ్వరుల్లో కూడా ఇంత నిష్ఠ చూడలేదు. ఒక్క కొరత ఉంది, చెప్పమంటావా?"

"చెప్పు."

"కళ్లు గట్టిగా మూసుకోవాలి. చెవులు కూడా మూసేసుకోవాలి. లోకం సంగతి మనకెందుకు? అప్పుడే అసలు సుఖం."

నక్క వెళ్లాక మల్లిగాడు ఆ మాట తుమ్మెదకు చెప్పాడు. తుమ్మెద నీళ్లలోనే పెద్దగా నవ్వింది.

"కళ్లూ చెవులూ మూసుకునేదానికి ఇంతదూరం వాగుకి రావడమెందుకురా? గడ్డివాములో దూరి పడుకుంటే సరిపోదూ!"

మర్నాడు పొద్దు వాలుతుండగా మల్లిగాడు ముందుకాళ్ల మీద తల ఆనించి, చల్లగాలికి అరమోడ్పు కళ్లతో పడుకున్నాడు. కప్పలు జోరుగా అరుస్తున్నాయి. ఉన్నట్టుండి తుంగ మొదట్లో కప్పలు అరుపు ఆపేశాయి. కాసేపటికి ఇంకాస్త ఎగువన ఆగాయి. ఆ తర్వాత మరింత ఎగువన. ఆ నిశ్శబ్దం వాగు వెంట మెల్లగా పాక వైపు నడుస్తోంది.

పాత మల్లిగాడైతే ఎగిరి ఆకాశం పగిలేలా మొరిగేవాడు. ఇప్పటి మల్లిగాడు చప్పుడు కాకుండా లేచాడు. అడ్డదారిన పోయి, పడమటి కంచె లోపల ఆనుకుని కూర్చున్నాడు. కాసేపటికి కంచె కంతలోంచి ఒక ముక్కు, రెండు చెవులు, సగం ఒళ్లు లోపలికి వచ్చాయి.

"దా బావా, నీకోసమే చూస్తున్నా," అన్నాడు మల్లిగాడు.

నక్క వెనక్కి లాక్కోబోయింది. ముళ్లు పట్టేశాయి.

"నువ్వు... వాగు దగ్గర నిద్రపోవట్లేదూ?"

"లేదు బావా. వింటున్నాను."

అప్పుడు మొరిగాడు. ఒక్కసారే. ఎన్నాళ్లుగానో నోరెత్తని కుక్క మొరిగేసరికి పుంజు రెక్కలు కొట్టింది, తుమ్మెద రంకె వేసింది, రైతు కర్ర పట్టుకుని పరుగున వచ్చాడు. ఇంతకుముందు రేయంతా మొరిగినా పక్కమీంచి కదలని మనిషి!

"ఇది అన్యాయం!" అని ముళ్లలో గింజుకుంటూ ఏడ్చింది నక్క. "తూర్పున కంచె గీకి వస్తే చాలు, నీ అరుపుల్లో నా అడుగులు నాకే వినపడేవి కావు. బంగారంలాంటి కుక్కని! ఎవరు పాడుచేశారు నిన్ను?"

"మా తుమ్మెదక్క," అన్నాడు మల్లిగాడు గర్వంగా.

రైతు కర్ర రెండుసార్లు గట్టిగానే పడింది. నక్క సగం తోక బొచ్చు ముళ్లకే వదిలేసి, మళ్లీ ఆ వాగు దాటే ఆశ కూడా వదులుకుని పారిపోయింది. రైతు మల్లిగాడి పక్కన గొంతుకూర్చుని, సిగ్గుపడుతూ వాడి తల నిమిరాడు.

నీతి: వాగు దగ్గర మనసును కాసేపు కుదుటపడనిస్తే, అది పొంచి ఉన్న ఆపదను కూడా పసిగడుతుంది.