ఎర్త్ కర్ర

నేనెప్పుడూ ఏదీ రాసింది లేదు. అయిదో తరగతితో నా చదువు ఆగిపోయింది. సంతకం, సరుకుల చీటీ తప్ప కలం పట్టి ఎరగను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

నంద్యాలలో దస్తగిరి మాస్టారి షెడ్డులో ఎనిమిదేళ్లుగా పని చేస్తున్నాను. మాస్టారు వైర్‌లెస్ పని చేసి రిటైరయినవారు. హ్యామ్ రేడియోలో దేశాలు దాటి మాట్లాడతారు. మొదట షెడ్డు ఊడవడానికి వచ్చాను. ఇప్పుడు రాగి తీగతో ట్రాన్స్‌ఫార్మర్లు చుడతాను.

ఆ రోజు మధ్యాహ్నం మద్దిలేటి రేడియో మాటకు బలమిచ్చే తన పాత వాల్వుల యాంప్లిఫయర్ ఆటోలో వేసుకుని వచ్చాడు. డిప్లొమా చదివినవాడు, నాకంటే ముందే మాస్టారి దగ్గర నేర్చుకున్నాడు.

"ఓబులక్కా, నీకు పని పడింది. హై వోల్టేజి మీటరు ముల్లు లేయడం లేదు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కొత్తది చుట్టాల."

"విప్పి చూశావా?" అన్నారు మాస్టారు మూల నుంచి.

"చూడాల్నా మాస్టారూ? ముల్లే చెప్తా ఉంటే!"

ప్లగ్గు పెట్టి చూపించాడు. ట్రాన్స్‌ఫార్మర్ హుమ్మంటోంది గానీ ముల్లు సున్నా దగ్గరే ఉంది. ప్లగ్గు తీసి మూత విప్పాడు.

మా షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. ప్లగ్గు తీసినా కండెన్సర్లలో కరెంటు నిలిచి ఉంటుంది, మనిషిని చంపేటంత. అందుకని ఎర్త్ కర్ర తాకించి దాన్ని దించాలి. వెదురు కర్ర, కొసన రాగి కొక్కెం, దాని నుంచి వైరు, వైరు చివర క్లిప్పు. ఆ క్లిప్పు పెట్టె అడుగు రేకుకి పట్టించాలి. కర్ర తాకించాక కూడా, పక్కన నిలబడ్డ మనిషి "సరే" అంటేనే లోపల చెయ్యి పెట్టాలి.

నేనెప్పుడూ "సరే" అనలేదు. తలూపుతాను. మగవాళ్ల మధ్య గొంతెత్తి అలవాటు లేదు.

మద్దిలేటి క్లిప్పు పట్టించి, పెట్టెను తన వైపు తిప్పుకుని, కర్ర తాకించాడు. చిటుక్కుమని కూడా అనలేదు.

"చూశావా, ఖాళీ. చెప్పక్కా."

పెట్టె తిప్పినప్పుడు క్లిప్పు ఊడి బల్ల మీద పడింది. నేను చూశాను. చదువుకున్నవాడు, అతనే చూసుకుంటాడులే అనుకున్నాను. చెబుదామని నోరు తెరిచి, మాట రాక, తల అటూ ఇటూ కాకుండా ఆడించాను.

అతను చెయ్యి పెట్టబోయాడు.

మాస్టారు ఎప్పుడు లేచారో తెలియదు. వెనక నుంచి చొక్కా కాలరు పట్టి లాగారు. క్లిప్పు రేకుకి పట్టించి కర్ర తాకించారు.

ఫట్! నీలం నిప్పు లేచింది. చెవులు గింగుర్లెత్తాయి.

మద్దిలేటి స్టూలు మీద కూలబడ్డాడు. "ముల్లు సున్నా ఉండె కదా మాస్టారూ..."

"సున్నా అన్నది ముల్లు. పెట్టె అనలేదు."

మద్దిలేటి నా వైపు తిరిగాడు. "నువ్వు తలూపితివి కదక్కా! నాకు ఇద్దరు ఆడపిల్లలక్కా..."

నేను నేల చూశాను.

మాస్టారు నన్ను కోప్పడలేదు. క్లిప్పు మళ్లీ ఊడదీసి బల్ల మీద పడేశారు. కరెంటు గుండె మీదుగా పోకుండా ఎడమ చెయ్యి జేబులో పెట్టుకున్నారు. కళ్లు మూసుకున్నారు. కుడి చెయ్యి పెట్టెలోకి చాచారు.

"చెప్పు ఓబులమ్మా."

తల అడ్డంగా ఊపాను. కళ్లు మూసుకున్న ఆయన ఏం చూస్తారు? చెయ్యి ఇంకాస్త లోపలికి పోయింది. పాత కండెన్సర్లు కరెంటు దించాక కూడా మళ్లీ కొంత కూడగట్టుకుంటాయని ఆయనే చెప్పారు. డెబ్బయి ఏళ్ల చెయ్యి. జానెడు దూరం. తర్వాత బెత్తెడు.

"వద్దు మాస్టారూ! క్లిప్పు ఊడింది!"

ఆ అరుపు నాదేనని నాకు వెంటనే తెలియలేదు. ఎదురు టీకొట్టులో గ్లాసుల చప్పుడు ఆగింది.

మాస్టారు చెయ్యి వెనక్కి తీసుకుని కళ్లు తెరిచారు. "క్లిప్పు పెట్టు," అన్నారు.

పెట్టాను. కర్ర తాకించి, దాన్ని అక్కడే తగిలించి ఉంచి, లోపల వెతికాము. ట్రాన్స్‌ఫార్మర్‌కి ఏమీ కాలేదు. రెండు రెసిస్టర్లు పోయాయి. ఒకటి, ప్లగ్గు తీశాక కండెన్సర్లను మెల్లగా ఖాళీ చేసేది. ఇంకొకటి మీటరుకు వెళ్లేది. మాస్టారు ఆ రెండోది కోసి తీసి నా అరచేతిలో పెట్టారు. పైకి చూస్తే మచ్చ కూడా లేదు.

"దీని పని ఒక్కటే. లోపల ఉన్నది బయటికి చెప్పడం," అన్నారు.

నమాజుకు వేళయిందని వెళ్లిపోయారు.

మరునాడు పొద్దున్నే వెళ్లి కొత్త రెసిస్టర్లు రెండూ నేనే అతికించాను. మద్దిలేటి వచ్చి ప్లగ్గు పెట్టాడు. ముల్లు లేచి రెండు వేల అయిదు వందల వోల్టుల దగ్గర నిలిచింది. ప్లగ్గు తీశాక మెల్లగా దిగింది. సున్నాకు వచ్చింది. కర్ర తాకించాడు. లోపలి వైర్లు సర్దడానికి చెయ్యి ఎత్తి, పెట్టకుండా, నా వైపు చూశాడు.

నేను వంగి క్లిప్పు పట్టుకుని గట్టిగా లాగి చూశాను. ఊడలేదు.

"సరే!" అన్నాను.

టీకొట్టు ఆయన తల తిప్పి చూశాడు.